తలకి అయిదొందల్లో ఫ్రెంచి ఊరు

పుస్తకానికి పరిచయం రాస్తాం, సినిమాకి రాస్తాం, నాటకానికి రాస్తాం. నేనిప్పుడు పరిచయం చేస్తున్నది రెండు తెల్ల కాగితాలు. స్కేలుతో గీతలు కొట్టి, నీలం బాల్‌పెన్నుతో నింపినవి. మా ఊరు మొగల్తూరులో తెల్లారగట్ల బయల్దేరి, యానాం చూసి, ఆ రాత్రికి ఇంటికొచ్చి పడుకోవడానికి ఎనిమిది మంది పాత స్నేహితుల కోసం వేసిన ప్రణాళిక అది. మనిషికి అయిదు వందలు దాటకూడదన్నది షరతు. వేసినవాడు మా హైస్కూలు జట్టులోవాడే. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. పేరు వద్దన్నాడు కాబట్టి కండక్టరనే రాస్తాను. జట్టులో మేం పిలిచేదీ అలాగే.

పొదుపంటే ఒక్కొక్కటీ కోసేసుకుంటూ పోవడమే అనుకుంటాం. ఈ మనిషి ఖర్చు తగ్గించిన ప్రతిచోటా మాకు చూడ్డానికి ఒకటి పెరిగింది. అదెలా సాధించాడో ఆ కాగితాల్లో వరసవరసకీ కనిపిస్తుంది. ఆ పనితనాన్ని విప్పి చూపించాలనే ఈ వ్యాసం.

మొదట అనుకున్నది పాండిచ్చేరి. అక్కడి ఫ్రెంచి వీధులు, పసుప్పచ్చ గోడలు, సముద్రపు గట్టు ఫోన్లో చూసి, ‘‘ఓసారి అందరం వెళ్ళొద్దాం’’ అన్నారు రాజుగారు. ఆయన్ని చిన్నప్పట్నించీ మేం గారు అనే అంటాం, మా వైపు అది మామూలే. రైలూ రూములూ తిండీ లెక్కేస్తే వేలల్లో తేలింది. చెరువులు లీజుకిచ్చినవాళ్ళు ఇద్దరు, కొబ్బరితోట మీద బతికేవాడొకడు, మిగతావాళ్ళం పింఛన్లమీదే. అందరి మొహాలూ చూసి, ‘‘పాండిచ్చేరి ముక్క మన గోదారొడ్డునే ఉంది కదండీ రాజుగారూ, ముందు అది చూసొద్దాం’’ అన్నాడు కండక్టరు. ‘‘ఆయ్, అలాగే కానీ’’ అన్నారాయన.

ఆ ముక్కే యానాం. పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్లకి పైగా దూరంలో, గౌతమీ గోదావరి ఒడ్డున, చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉండగా మధ్యలో 30 చదరపు కిలోమీటర్ల నేల. 2011 జనాభా లెక్కల్లో 55,626 మంది. ఫ్రెంచివాళ్ళు 1723లో ఇక్కడ వర్తకం మొదలెట్టారు, సాగక 1727లో వదిలేశారు, 1731లో మళ్ళీ వచ్చారు. మధ్యమధ్య ఇంగ్లీషువాళ్ళు లాక్కోవడం, సంధి కుదిరాక తిరిగివ్వడం జరుగుతూనే ఉన్నా, 1954 దాకా అది ఫ్రెంచి ఊరే.

కాగితం నెత్తిన ‘ఎస్సార్’ అని రాసుంది. ఆర్టీసీలో కండక్టర్లు స్టేజీస్టేజీకీ టికెట్ల నంబర్లు ఎక్కించే కాగితాన్ని ఎస్సార్ అంటారు. టికెట్టు మిషన్లు రాకముందు, కదిలే బస్సులో ఓ కడ్డీకి ఆనుకుని, వేళ్ళ సందున నోట్లు మడిచి పెట్టుకుని దాన్ని నింపేవాళ్ళు. ఏళ్ళ తరబడి అది నింపిన చెయ్యి కాబట్టి ఈ ప్రయాణాన్ని కూడా స్టేజీలుగానే విడగొట్టాడు. స్టేజీకో అడ్డవరస. నిలువు గళ్ళు అయిదు: ఎక్కేదేమిటి, బయల్దేరేదెప్పుడు, ఎప్పటికి దాటకపోతే చిక్కు, డబ్బెంత, చూడాల్సిందేమిటి. ఈ చివరి గడి ఒక్క వరసలోనూ ఖాళీగా లేదు. బస్సు మారడానికి పావుగంట ఆగే చోట కూడా ఏదో ఒకటి రాశాడు. సాధారణంగా మనం దారినంతా ఓర్చుకుని, చేరాక చూడ్డం మొదలెడతాం. దారిఖర్చు పెట్టిన డబ్బుకి దారిలో కూడా ఫలితం రావాలన్నది అతని పట్టుదల.

రోజు ఎంచుకోవడంలోనే సగం పనితనం ఉంది. వానాకాలం వద్దన్నాడు, గోదావరికి వరదొస్తే రేవులో ఏరు దాటించే పంటు ఆపేస్తారు. పులస దొరికేది ఆ వరద రోజుల్లోనే కాబట్టి, వేలు పోసి కొనాలన్న ఆశ కూడా దాంతోపాటే వదిలిపోయింది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడ, కోనసీమ ఏమైపోయాయో మా వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు. జనవరి మొదట్లో యానాంలో ప్రజా ఉత్సవాలు, ఇసకేస్తే రాలనంత జనం. సంక్రాంతి వారంలో బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. మిగిలింది పండగ వెళ్ళాక వచ్చే చలిరోజులు. అక్కడితో ఆగాడా అంటే ఆగలేదు, పంచాంగం తీశాడు. మాఘమాసంలో ముహూర్తాలున్న రోజులు కొట్టేశాడు, పెళ్ళిళ్ళ రోజున ఆటో దొరకదు, దొరికినా రేటు రెండింతలు. మాఘ శుద్ధ ఏకాదశి, అంటే భీష్మ ఏకాదశికి అటూ ఇటూ రోజులు కూడా కొట్టేశాడు. అప్పుడు అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, రథోత్సవం. సఖినేటిపల్లి రేవులో మనిషి మీద మనిషి. ఇలా కొట్టేయగా మిగిలిన రోజుల్లో ఒక మంగళవారం కింద గీత పెట్టాడు. ఆ వారమే ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక దారి. మొగల్తూరు నుంచి యానాం పోవడానికి అందరికీ తెలిసిన దారి ఒకటుంది. నరసాపురం, దిగమర్రు, చించినాడ వంతెన, రాజోలు, అమలాపురం, ముమ్మిడివరం మీదుగా జాతీయ రహదారి. వాన్ మాట్లాడుకుంటే ఆ దారినే పోతుంది. కండక్టరు వాన్ వద్దన్నాడు. అద్దె ఒక్కటే అయిదొందల్లో సింహభాగం మింగేస్తుంది. దానికి బదులు, వెళ్ళేటప్పుడు మాత్రం నరసాపురం దగ్గర మాధవాయిపాలెం రేవులో పంటెక్కి వశిష్ఠ పాయ దాటి సఖినేటిపల్లిలో దిగాలని రాశాడు. అక్కడ్నుంచి మలికిపురం దాకా షేరాటో, తర్వాత అమలాపురం బస్సు, అమలాపురంలో మారి యానాం.

పంటు చవక కాబట్టే ఎంచుకున్నాడనుకున్నాను మొదట. చూడాల్సిన గడి చదివాక అసలు సంగతి తెలిసింది. నరసాపురం వరసలో ‘వలందర రేవు, పది నిమిషాలు’ అని ఉంది. వలందులంటే డచ్చివాళ్ళు. వాళ్ళ ఓడలూ సరుకులూ దిగిన రేవది, పేరు ఇప్పటికీ నిలిచింది. దాని కింది వరస మాధవాయిపాలెం. అక్కడ పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి వర్తక స్థావరం ఉండేది, ఆ తీరంలో సముద్రపు ఓడలు కట్టేవాళ్ళు. అక్కడ్నుంచి ఎగుమతైన నూలు బట్టకి ఐరోపా బజార్లలో మదపొలాం అని ఆ ఊరి పేరే పడింది. తర్వాత ఏరు దాటి, లంకలు దాటి చేరేది ఫ్రెంచివాళ్ళ ఊరు. అంటే డచ్చి రేవు, ఇంగ్లీషు రేవు, ఫ్రెంచి రేవు ఒకే పూటలో, వరసగా. ముగ్గురూ మన గోదావరి పాయల నోళ్ళు పట్టుకుని, మన సాలెవాళ్ళు నేసిన బట్ట కోసం ఒకళ్ళ మీద ఒకళ్ళు పోటీపడినవాళ్ళే. వాన్ తీసుకుంటే యానాం ఒక్కటే కనిపించేది. పంటెక్కితే అది ఎందుకు పుట్టిందో కూడా కనిపించింది. నరసాపురం లేసులో ఒక్క ముడి రెండు పువ్వుల్ని పట్టి ఉంచినట్టు, ఆ ఒక్క వరస ఖర్చునీ కథనీ రెంటినీ పట్టుకుంది.

మా ఊరికీ ఆ కథలో చోటుంది. 1753లో నిజాము సలాబత్ జంగ్ ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచి సేనాని బుస్సీకి అప్పగించాడు. ఏలూరు, రాజమహేంద్రవరం సర్కారులు కూడా అందులోవే. గోదావరి డెల్టా అంతా కొన్నేళ్ళు ఫ్రెంచివాళ్ళ చేతికింద ఉందన్నమాట. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తి యుద్ధంలో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ చేతిలో ఓడిపోవడంతో ఆ భోగం పోయింది. చివరికి వాళ్ళకి ఈ తీరంలో మిగిలింది యానాం, బందరులో కొద్ది జాగా. కండక్టరు ఈ ముక్కని బస్సులో చెప్పడానికి అమలాపురం వరసలో రాసుకున్నాడు, ఆ బస్సులో కూర్చోడానికి సీట్లు దొరుకుతాయని అతని అంచనా.

టైము గళ్ళు రెండు ఎందుకో రేవు దగ్గర తెలిసింది. మేం పోయేసరికి మంచు కమ్మేసి ఉంది. అవతలి గట్టు సరే, పది బారల దూరంలో నీళ్ళు కూడా కనిపించడం లేదు. పంటు కట్టేసి ఉంది. బైకులవాళ్ళు, పాలక్యాన్లవాళ్ళు, కాలేజీ పిల్లలు రేవులో బారుగా నిలబడ్డారు. మా జట్టులో ఇద్దరు ఆడవాళ్ళున్నారు, ఇద్దరూ మాతో పదో తరగతి చదివినవాళ్ళే, ఇప్పుడు అమ్మమ్మలు. వాళ్ళలో ఒకావిడ, ‘‘ఒరేయ్ కండక్టరూ, ఏడింటికి దాటుతామన్నావు, ఏడూ పది అయింది’’ అంది. అతను కాగితం తీసి ఆ రెండు గళ్ళూ చూపించాడు. బయల్దేరేది 7.00, ఎప్పటికి దాటకపోతే చిక్కు 8.15. ‘‘ఇంకా గంటా అయిదు నిమిషాలుందమ్మా. ఈలోపు టిఫినీ పని చూద్దాం.’’ ఇంటి దగ్గర్నించి తెచ్చిన ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి రేవు మెట్ల మీదే విప్పాం. అసలు టిఫినీ అమలాపురంలో అని రాసుంది, కానీ ఎక్కడైనా తినగలిగేదే కట్టించాడు. ఎనిమిదికి ముందే మంచు విడిపోయింది, పంటు కదిలింది.

ఆ ఎనిమిదింబావు ఊరికే రాసిన అంకె కాదు. దానికి వెనక్కి లెక్క ఉంది. ఎనిమిదింబావుకి రేవు దాటితే మలికిపురంలో ఏ బస్సు, అది తప్పితే ఏది, పదకొండున్నరకైనా యానాం చేరాలంటే అమలాపురంలో ఎంతసేపు ఆగొచ్చు, ఇవన్నీ చిన్నచిన్న అంకెలతో మార్జిన్‌లో ఉన్నాయి. ఆ గంట కూడా దాటిపోతే ఏం చెయ్యాలో ఒక్క ముక్కలో రాశాడు: ‘వెనక్కి తిరిగి చించినాడ’. ఆలస్యం వస్తుందని ముందే ఒప్పుకుని దానికి కూడా చోటిచ్చిన ప్రణాళిక కాబట్టి, మంచులో నిలబడ్డ ముప్పావుగంటలో మాలో ఎవరూ విసుక్కోలేదు. మొదటి టైము ఆశ, రెండో టైము ధైర్యం. ప్రయాణాలు పాడయ్యేది ఒక్క టైమే రాసుకున్నప్పుడు.

డబ్బు గడి చాలా సరళం. మొత్తం నాలుగు వేలు. బస్సులకీ ఆటోలకీ పంటుకీ 2,100. మధ్యాహ్నం భోజనానికీ రెండుసార్లు టీకీ 1,200. గుడి, చర్చి, కొబ్బరినీళ్ళు కలిపి 200. మిగిలిన 500 ఎదురుగా ‘దారిది’ అని రాశాడు. ఇది ఎవరిదీ కాదు, దేనికీ కాదు, దారి అడిగితే ఇవ్వాలి, అడక్కపోతే సాయంత్రం పంచుకోవాలి. డబ్బంతా ముందురోజే వసూలు చేసి, నోట్లన్నీ పదులూ ఇరవైలూ యాభైలుగా మార్చేశాడు. షేరాటోలో, పంటులో, టీకొట్టులో చిల్లర లేదని వదిలేసే రూపాయలే ఎనిమిది మందికీ కలిపితే ఒక పూట భోజనమవుతాయని కండక్టరుకి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? దారంతా డబ్బు తీసింది అతనొక్కడే. ఎనిమిది జేబులు తెరుచుకుంటే ఎనిమిది రకాల ఖర్చు, ఎనిమిది రకాల మొహమాటం.

ఆడవాళ్ళ టికెట్ల దగ్గర అతను చేసిన పని నాకు మరీ నచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. కానీ అంతర్రాష్ట్ర సర్వీసులకి ఆ సౌకర్యం వర్తించదు, యానామేమో వేరే ప్రాంతం. అందుకని అమలాపురం నుంచి యానాం వరసలో వాళ్ళిద్దరి టికెట్ల డబ్బు పెన్సిలుతో రాసి పక్కన ‘కండక్టరుని అడగాలి’ అని పెట్టాడు. తేలని లెక్కని తనకి లాభమయ్యేవైపు తేల్చుకోలేదు, ఖర్చు కిందే వేసి ఉంచాడు. కాగితం మొత్తంలో పెన్సిలు రాత అదొక్కటే.

రెండో కాగితం వదిలేసినవాటి పట్టీ. చాలామంది ప్రణాళికల్లో ఇది ఉండదు, అందుకే దారిలో తగువులొస్తాయి. ద్రాక్షారామం, కోటిపల్లి, మురమళ్ళ వీరేశ్వరస్వామి నిత్యకల్యాణం, కోరంగి మడ అడవులు, కాకినాడ. ఒక్కోదాని పక్కన ఎందుకు వదిలేశాడో రాశాడు. కోరంగికి ‘పడవకి పోటు చూసుకోవాలి, ఒక రోజు దానికే’. ద్రాక్షారామానికి ‘పంచారామాలు అయిదూ కలిపి కార్తీకంలో’. మురమళ్ళ దారిలోనే ఉంది, దిగితే అరగంట పని. మా జట్టులో భక్తులు అలిగారు కూడా. ‘‘స్వామివారికి రోజూ కల్యాణమే. మనం అరగంట చూసొస్తే చూసినట్టా చెప్పండి, ఒక రోజు ఆయన కోసమే రావాలి గాని’’ అన్నాడు. ఆ మాటకి ఎవరూ మారు మాట్లాడలేదు. ఒక చోటుకి తగినంత సమయం ఇవ్వలేకపోతే ఆ చోటుని గౌరవంగా వదిలేయడం కూడా పనితనమే.

యానాం లోపలి వరసలు ఎండని బట్టి అల్లుకున్నాడు. ఎదుర్లంక దగ్గర జి.ఎం.సి. బాలయోగి వారధి మీద గౌతమి దాటుతుంటే కిటికీ పక్కవాళ్ళు లేచి రెండో వైపు వాళ్ళకి చోటివ్వాలని కూడా రాశాడు. దిగాక మొదట సెయింట్ ఆన్స్ చర్చి. 1846లో కట్టింది. పునాది వేసిన పాదిరీ మిషెల్ లెక్నామ్ పని పూర్తి కాకుండానే 1836లో కన్నుమూశాడు. ఐరోపా పద్ధతి కట్టడం, లోపలి సామగ్రి ఫ్రాన్సు నుంచి తెప్పించారు. ఎక్కడో పుట్టి, ఉప్పెనల తీరానికొచ్చి, పూర్తయింది చూడకుండా పోయిన మనిషి మొదలెట్టిన పని ఇవాళ్టికీ నిలబడి ఉంది. 1839లో వచ్చిన ఉప్పెన ఆ పక్కనే ఉన్న కోరంగి రేవుని తుడిచిపెట్టేసిందని గుర్తు చేసుకుంటే, ఆ గోడల ముందు కాసేపు ఊరికే నిలబడాలనిపిస్తుంది. కండక్టరు ఆ వరసలో ‘ఇరవై నిమిషాలు, మాటలొద్దు’ అని రాశాడు.

తర్వాత పాత ఊళ్ళో నిటారుగా సాగే వీధుల్లో నడక, మీసాల వెంకన్న గుడి. ఏడుకొండలవాడికి మీసాలున్న రూపం చూసి మా అమ్మమ్మలిద్దరూ మురిసిపోయారు. ఫ్రెంచి ఏలుబడిలోనే చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు చిన్నతనంలో ఈ ఊళ్ళో పెరిగారు. ఈ కాలంలో కవి శిఖామణిది ఈ ఊరే. కండక్టరు బయల్దేరేముందు రెండు పుస్తకాలు సంపాదించి చదివాడు, దాట్ల దేవదానం రాజు ‘యానాం కథలు’, బొల్లోజు బాబా ‘ఫ్రెంచి పాలనలో యానాం’. గైడుకిచ్చే డబ్బు మిగిలింది, పైగా ఊరివాళ్ళు తమ ఊరి గురించి రాసుకున్న మాటల్లో ఊరు చూశాం.

పరిపాలనాధికారి కార్యాలయం దగ్గర 1954 కథ చెప్పుకున్నాం. ఆ ఏడాది జూన్ 13న దడాల రఫాయేల్ రమణయ్య నాయకత్వంలో వాలంటీర్లు యానాంలోకి వచ్చి ఫ్రెంచి జెండా దించి భారత జెండా ఎగరేశారు. నవంబరు 1న అప్పటికి మిగిలిన ఫ్రెంచి స్థావరాలన్నీ భారత ప్రభుత్వం చేతికొచ్చాయి. కాగితాల మీద చట్టబద్ధంగా విలీనమైంది మాత్రం 1962 ఆగస్టు 16న. జట్టులో సోషల్ మేష్టారుగా చేసినాయన ఈ ఎనిమిదేళ్ళ ఎడం గురించి మా చేత ప్రశ్నలడిగించుకుని మరీ చెప్పారు.

భోజనం మెస్సులో. ఎండ మండే రెండు గంటలూ నీడపట్టున. మూడు దాటాక గోదావరి గట్టు. ఏనుగులు అభిషేకం చేస్తున్న శివలింగం, భరతమాత, ఏసు విగ్రహాలు అన్నీ ఆ గట్టునే ఉన్నాయి. ఐఫిల్ టవరులా కట్టిన సుమారు వంద మీటర్ల గోపురాన్ని కింద నుంచే చూడాలని రాశాడు. గట్టు మీద కూర్చోడానికి టికెట్టు లేదు, అందుకే ఎక్కువ సమయం దానికే ఇచ్చాడు.

మంగళవారం సంగతి అక్కడే చెప్పాడు. ఫ్రెంచివాళ్ళ కాలంలో యానాంలో మంగళవారం సంత. ఇంగ్లీషు జిల్లాల్లో సుంకాలతో ప్రియమైన విదేశీ సరుకు ఇక్కడ చవకగా దొరికేది. చుట్టుపక్కల జిల్లాల జనం పనిగట్టుకుని వచ్చేవాళ్ళు. కొంత సరుకు దొంగచాటుగా సరిహద్దు దాటేది. ఇంకో రకం జనం కూడా వచ్చారు. బాల్య వివాహాల్ని ఆపే శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లీషు ఇండియాలో అమలైంది. ఫ్రెంచి గడ్డ మీద ఆ చట్టం లేదు. దాంతో చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చెయ్యాలనుకున్న కుటుంబాలు మేళాలతో సహా యానాం చేరి తాళి కట్టించి తీసుకుపోయాయి. యానానికి కల్యాణపురమన్న పేరు అలా వచ్చిందే. ఎంతమంది, ఎన్ని బళ్ళు, ఎన్ని పడవలు, వంటకి ఎవరు, రాత్రికి ఎక్కడ అని ఆ కుటుంబాల్లోనూ ఎవరో ఒకరు లెక్కేసే ఉంటారు. అయిదారేళ్ళ పిల్లల్ని నిద్రలో ఎత్తుకుని ఏరు దాటించడానికి వేసిన ఆ లెక్కలు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. మా అమ్మమ్మల్లో ఒకావిడ, ‘‘మా నాయనమ్మ పెళ్ళి అలాంటిదేనట’’ అని ఊరుకుంది. ఆ పూట మేం ఎక్కువసేపు మాట్లాడుకున్నది దాని గురించే.

ఒక్క నియమం ఎర్ర సిరాతో రాసుంది: ‘సీసా ముట్టుకున్నవాడు జట్టులో లేనట్టే’. యానాంలో మందు చవక, సరిహద్దు దాటించడం నేరం, ఎక్సైజువాళ్ళు బస్సులాపి చూస్తారు. ఒకడి సంచిలో ఒక్కటి దొరికినా ఎనిమిది మంది రాత్రీ పోలీసు స్టేషన్లోనే.

తిరుగు ప్రయాణం పూర్తిగా వంతెనల మీద. అయిదుంబావుకి యానాంలో బస్సు, అమలాపురం, బోడసకుర్రు దగ్గర వైనతేయ, పాశర్లపూడి. 1995 జనవరి 8న ఇక్కడ ఓఎన్‌జీసీ బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండింది. కాగితంలో ఆ తేదీ ఒక్కటే ఉంది. అది చూడగానే అప్పట్లో ఆ మంట చూడ్డానికి వెళ్ళినవాళ్ళు తమ కథలు తాము మొదలెట్టారు, అతను కోరుకున్నదీ అదే. తర్వాత రాజోలు, చించినాడ, ఒకప్పుడు డచ్చివాళ్ళు నూలు బట్టల వర్తకం నడిపిన పాలకొల్లు, నరసాపురం, మొగల్తూరు. పొద్దున రేవు, రాత్రి వంతెన అని ఎందుకు విడగొట్టాడంటే, మంచో మరొకటో పంటుని ఆపితే పొద్దున పోయేది గంట, రాత్రయితే అవతలి గట్టునే పడుకోవాలి. దారి పొడుగునా ఏళ్ళలో నిలబడి ఉన్న కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం స్తంభాల గురించి మాత్రం మార్జిన్‌లో, ‘ఇది పూర్తయితే ఈ కాగితం మళ్ళీ రాయాలి’ అని ఉంది.

నాకు ఈ ప్రణాళికలో ఒక్క వెలితి కనిపించింది, రాయకపోతే పరిచయం పూర్తి కాదు. యానామంటే పాత ఊరూ గోదావరి గట్టూ మాత్రమే అయిపోయింది ఇందులో. ఫ్రాన్సుతిప్ప, అడవిపొలం లాంటి పేటలకి చోటు లేదు. వేట మీద, ఏటి మీద బతికే జనాన్ని చూడకుండా రేవు ఊరు చూశామంటే సగమే. అతనితో అంటే వాదించలేదు. రెండో కాగితం తీసి, వదిలేసినవాటి పట్టీలో ఆ రెండు పేర్లూ చేర్చి, ఎందుకో రాసే చోట ‘నా పొరపాటు, మళ్ళీసారి మధ్యాహ్నం విశ్రాంతి తగ్గించి’ అని రాశాడు.

‘దారిది’ అన్న అయిదు వందల్లో ఖర్చయింది మలికిపురంలో కొన్న తలనొప్పి మాత్రలకీ, పాలకొల్లులో ఆఖరి బస్సు కోసం ఆగినప్పుడు తాగిన మూడో టీకీ. మిగిలింది లెక్కపెట్టి మొగల్తూరు సెంటర్లో దీపం కిందే చేతుల్లో పెట్టేశాడు.

ఇప్పుడు ఆ కాగితాల జెరాక్సులు మా ఊళ్ళో తిరుగుతున్నాయి. కుర్రాళ్ళ జట్టొకటి బైకుల మీద వెళ్తామని వస్తే వాళ్ళకి తగ్గట్టు మార్చి ఇచ్చాడు. బైకుకిద్దరు, పంటులో బైకు టికెట్టు విడిగా, వెళ్ళేటప్పుడు సగం ట్యాంకే. యానాంలో పన్ను తక్కువ కాబట్టి పెట్రోలు మన రేటుకంటే చవక, ఫుల్ ట్యాంకు అక్కడ కొట్టించుకోవాలి. రాత్రి చించినాడ వంతెన మీద ఆగి సెల్ఫీలు దిగొద్దు, లారీలు. హెల్మెట్లు రెండు. ‘చూడాల్సింది’ గడి మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా ఇచ్చాడు.